ఇసుక తిన్నె మీద నా గొంతు

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. వైరాలో ముప్ఫై ఏళ్లు బట్టలు కుట్టాను. టేపు పెట్టి కొలిచి చూడనిదేదీ ఒప్పుకునే మనిషిని కాను. మా వీధిలో ఎవరికైనా ఏదో సోకిందంటే, ముందు అన్నం తిన్నదో లేదో కనుక్కోండి అనేదాన్ని. నేను రాయబోయేది చదివి మీరు నన్నూ అదే అడగొచ్చు. ఆ రోజు కడుపు నిండా తిన్నాను.

ఇది ఎనభైల్లో సంగతి. మా ఆయన మోటారు పంపులు బాగుచేసేవారు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా మేమిద్దరం కలిసి చుట్టాల ఇళ్లకు తప్ప ఎక్కడికీ పోలేదు. ఆయన షాపులో ఒక క్యాలెండర్ ఉండేది. నీలం సముద్రం, తెల్లటి ఓడ, దాని మీద చేతులు పట్టుకున్న జంట, చుట్టూ దీవులు. దాన్ని చూసి చూసి ఒకరోజు, "మనకు గోదారి లేదా ఏంది? దాంట్ల గూడ దీవులున్నయి. పోదాం పా" అన్నారు.

మిరప కోతలు అయిపోయి, పని కాస్త తగ్గాక బయల్దేరాం. భద్రాచలంలో దర్శనం చేసుకుని కూనవరం దగ్గర లాంచీ ఎక్కాం. పాపికొండల దాకా పోయి రావడానికి రెండు రోజులు. ఎండాకాలం మొదట్లో నది తగ్గి నడుమ ఇసుక తిన్నెలు తేలతాయి. లాంచీ ఒక్కో తిన్నె దగ్గర ఆగుతుంది, మనం దిగి తిరగొచ్చు. ఒడ్డు పక్క నీళ్లు ఎండకు గోరువెచ్చగా ఉండేవి. ఆయన ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఆ నీళ్లలో ఒకటే తిరగడం. నాకు నవ్వొచ్చింది, ముచ్చట కూడా వేసింది. పెళ్లయ్యాక నేను అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకొకటి గుర్తు లేదు.

ఒక్క విషయంలోనే పేచీ. లాంచీ ఎక్కేటప్పుడు గుమస్తా పేర్లు రాసుకుంటూ, మా ఆయన పేరేమిటని నన్ను అడిగాడు. ఆయన్నే అడగమని మొహం తిప్పుకున్నాను. మా ఇళ్లలో ఆడవాళ్లం మొగుడి పేరు పలకం. పెళ్లినాడు గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి చెప్పిస్తే ఒక్కసారి గొణిగాను, అంతే. పిలవాలంటే "ఇగో, ఇంటున్నరా" అనేదాన్ని. ఇక్కడ కూడా ఆయన పేరు రాయను.

"ఈ నీళ్ల నడుమ మనల్ని ఎవరింటరే? ఒక్కసారి పేరు పెట్టి పిలువరాదు" అని ఆయన ఆ రోజంతా సతాయించారు. నేను పిలవలేదు.

రెండో రోజు తిరిగి వచ్చేటప్పుడు మధ్యాహ్నం ఒక పెద్ద తిన్నె మీద భోజనాలు పెట్టారు. లాంచీ నడిపే సరంగు ముందే అందరికీ చెప్పాడు. "ఇటు పక్కన ఎంతసేపు ఆడుకున్నా ఏం కాదు. అటు పక్కకు మాత్రం పోకండి. కింద ఇసుక కోసుకుపోయింది. నాలుగడుగులేస్తే మనిషి మునిగిపోతడు." మా ఆయనకు ఈత రాదు. పంపు కోసం బావిలోకి దిగినా నడుముకు తాడు కట్టుకునే దిగేవారు.

తిన్నాక నేను లాంచీ పక్కన గిన్నెలు కడుగుతున్నాను. ఆయన తిన్నె మీదుగా అటు నడిచారు. నా పక్కనే మధిర నుంచి వచ్చిన ఒక టీచరమ్మ చేతులు కడుక్కుంటోంది. అప్పుడు తిన్నె అవతలి నుంచి ఎవరో ఆడమనిషి మా ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

ఆ గొంతు నాది. ఎవరి గొంతు వాళ్లకెలా తెలుస్తుందంటారేమో. మా తమ్ముడి టేప్ రికార్డర్‌లో అంతకుముందు చాలాసార్లు విన్నాను. మాట చివర కొంచెం బొంగురు పోతుంది. సరిగ్గా అలాగే ఉంది.

టీచరమ్మ నా మొహంలోకి చూసింది. "నోరు తెరవకుండ ఎట్ల పిలిచినవమ్మా?" అంది.

"ఆఁ, వస్తున్నా!" అని అటు నుంచి మా ఆయన జవాబు వినబడింది. ఆ గొంతులో ఎంత సంబరమో. గిన్నె అక్కడే వదిలేసి పరుగెత్తాను. తిన్నె ఎక్కి చూస్తే ఆయన మోకాళ్ల లోతు నీళ్లలో, చెయ్యి ముందుకు చాపి నడిచిపోతున్నారు. ఎదురుగా నాకు నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు.

పేరు పెట్టి అరుద్దామని నోరు తెరిచాను. నాకంటే ముందు ఆ గొంతే మళ్లీ పిలిచింది. ఆయన ఇంకో అడుగు వేశారు. అప్పుడు తట్టింది నాకు, నేను కూడా ఆ పేరే పిలిస్తే ఏది నేనో ఆయనకెలా తెలుస్తుంది?

"ఇగో! ఇంటున్నరా!" అని గొంతు చించుకున్నాను.

ఆయన ఆగిపోయారు. వెనక్కి తిరిగి నన్ను చూశారు. మళ్లీ ముందుకు చూశారు. మనిషి మొహంలో రంగు పోవడం అప్పుడు చూశాను. నీళ్లలోకి దిగి చొక్కా పట్టుకుని ఆయన్ని ఒడ్డుకు లాక్కొచ్చాను.

"ఆడ నిలబడ్డవు, నడుముదాక నీళ్లల్ల. గిదే చీర. నవ్వుతున్నవు" అని ఆయన వేలు పెట్టి చూపించారు. పరుగున వచ్చిన సరంగు ఆ చోట తన వెదురు గడ దించాడు. రెండు నిలువుల గడ అది, అడుగు తగలలేదు. "జల్దీ ఎక్కండి" అన్నాడు.

నిజం చెప్పాలంటే లాంచీ కదిలాక నాకు భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. నేను పలకని పేరును నా గొంతుతో ఎవరో పలికారు. ఆయన మాత్రం, "ఎంత మంచిగ పిలిచిందే" అన్నారు. ఆ మాటకు ఏడ్చేశాను.

ఆ తర్వాత ఎన్ని రకాలుగా ఆలోచించానో. కొండలకు తగిలిన ప్రతిధ్వని అనుకుందామంటే ముందు నేను పిలవాలి కదా. ఎవరో ఆటపట్టించారనుకుందామంటే ఆడవాళ్లందరం లాంచీ పక్కనే ఉన్నాం. ఎండదెబ్బ అయితే టీచరమ్మకూ నాకూ మా ఆయనకూ ఒక్కసారే తగలాలి. అదేమిటో ఈ రోజుకూ నాకు తెలియదు.

ఆయన మరో ఇరవై ఏళ్లు బతికారు. పేరు పిలవమని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఖమ్మం దవాఖానాలో, చివరి రోజు పొద్దున మాత్రం అడిగారు. చెవి దగ్గరికి వంగాను. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అది నా గొంతులో వినబడితే ఆయన మళ్లీ ఆ నీళ్లలోకి నడిచిపోతారేమోనని భయమేసింది. "ఇగో, ఇంటున్నరా" అన్నాను. "అవ్" అన్నారు. మధ్యాహ్నానికి పోయారు.

ఇప్పుడు ఇంట్లో ఒక్కదాన్నే ఉంటాను. ఎవరూ లేరు కదా, ఒక్కసారి పేరు పెట్టి పిలుద్దామనిపిస్తుంది. ఆయన పలకకపోతే ఏడుస్తాను. పలికితే ఏం చేయాలో తెలియదు. అందుకే ఇంతవరకూ పిలవలేదు.