గంపకి చెయ్యి వేసిన పిల్ల

నా చిన్నప్పుడు పిల్లలు బొద్దుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. మా నాన్న పోర్టులో డ్యూటీ దిగి వస్తూ రోజూ బిస్కెట్లో జంతికలో తెచ్చేవాడు. మా అమ్మ నా బుగ్గలు చూసుకుని మురిసిపోయేది. బడికి డాక్టరొచ్చి బరువు చూసిన రోజున మాత్రం ముల్లు గిర్రున తిరిగింది, క్లాసంతా గొల్లున నవ్వారు. ఇక బడికి పోనని మొండికేశాను. ఏడుపొస్తే తినడం, తిన్నాక ఏడవడం, అదే నా పని.

పక్కింటి అక్క చేపలమ్మేది. తెల్లారకముందే రేవుకెళ్లి గంప నింపుకొచ్చి వీధులన్నీ తిరిగేది. మా అమ్మ తన గోడు ఆమెతో చెప్పుకున్నట్టుంది. మర్నాడు పొద్దున్నే అక్క గంపతో మా గుమ్మంలో నిలబడింది.

"ఒలే, నానొక్కదాన్నీ ఈ గంప ఎత్తుకోలేకపోతన్నాను. బలమున్న పిల్లవి, నువ్వు సెయ్యేత్తేగానీ అవదు. వత్తావేటి?"

అప్పటిదాకా నన్ను బలమున్న పిల్ల అన్నవాళ్లు లేరు. వెళ్లాను. ప్రతి గడపలోనూ గంప దించడానికి ఒకసారి, ఎత్తడానికి ఒకసారి చెయ్యి వేసేదాన్ని. ఆమెది పరుగులాంటి నడక. వెనకబడితే ఆమెకి సాయం ఉండదని నేనూ పరిగెత్తేదాన్ని. ఆఖరున బడి గేటు ముందు, నవ్విన పిల్లలంతా చూస్తుండగా గంప దించి, మళ్లీ నాచేతే ఎత్తించుకుని వెళ్లేది. అలా నేను మళ్లీ బడిలో పడ్డాను. సన్నబడ్డానో లేదో గుర్తులేదు గానీ ఆయాసం పోయింది, చాటుగా తినడమూ పోయింది.

ఒకసారి జ్వరమొచ్చి పడుకున్నాను. పాపం అక్క ఏం తిప్పలు పడుతోందోనని కిటికీలోంచి చూశాను. నిండు గంపని మోకాలి మీదికి లాక్కుని, ఒక్క ఊపులో నెత్తికెత్తుకుని చకచకా వెళ్లిపోయింది. నాకు ఏడుపాగలేదు. చూశానని ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. జ్వరం తగ్గగానే వెళ్లి మళ్లీ చెయ్యి వేశాను.

మొన్న మద్దిలపాలెంలో మా మనవరాలి బడివాళ్లు దాని బరువు ఎక్కువుందని చీటీ పంపారు. అలాంటి పిల్లలు క్లాసులో చాలామందే ఉన్నారట. ఆడుకుందామంటే అపార్ట్‌మెంట్ కిందంతా కార్లే. అమ్మానాన్నలేమో దాని కంచం కేసే చూస్తున్నారు. అది గది తలుపేసుకుంది. లోపల ఏం చేస్తోందో నాకు తెలుసు.

తలుపు తట్టి, మోకాళ్లు పట్టేశాయి, ఒక్కదాన్నీ నడవలేను, చెయ్యి పట్టుకుని పార్కుదాకా తీసుకెళ్లవా అని అడిగాను. అప్పట్నుంచి రోజూ సాయంత్రం వెళ్తున్నాం. "ఇంకో రౌండ్ కొడదామా నానమ్మా, నీకు నొప్పెట్టదుగా?" అంటోంది ఇప్పుడు.

నా మోకాళ్లకి ఏ జబ్బూ లేదు. ఆ సంగతి దానికెవరూ చెప్పకండి. ఏదో ఒకరోజు నేను గబగబా మెట్లెక్కుతుంటే అదే చూస్తుంది. చూసి, నాకు చెప్పదు.