వెనక గోధుమరంగు

ఆర్డిస్ క్వామె ఉద్యోగం చేసినన్నాళ్లూ మా మోంటానా కొండల్లో బడి బస్సు నడిపింది. ముందున్న రోడ్డును ఎంత చూసేదో, నెత్తిమీది అద్దంలో వెనక సీట్ల పిల్లల్నీ అంతే చూసేది. రిటైరయ్యాక కెమెరా కొనుక్కుంది.

"వెనక చూసీ చూసీ మెడ పట్టేసింది, లెనోర్. ఇక నా ముక్కు ముందున్నదే చూస్తాను," అంది నాతో. మేమిద్దరం ఇరుగుపొరుగు.

తీరా చూస్తే ఆమె తీసిన ప్రతి పువ్వు వెనకా ఏదో ఒకటి వచ్చి నిలబడేది. ఫొటో క్లబ్బులో నేర్పే లీలండ్ ఊరుకునే మనిషి కాదు.

"పువ్వు బాగుంది, ఆర్డిస్. మీ చెత్తడబ్బా ఇంకా బాగా పడింది."

"నీ ముఖం కంటే నయమే," అనేది. అని, బుద్ధిగా నేర్చుకునేది. లెన్సులో వెలుతురు దూరే కన్నాన్ని బాగా తెరవాలి. పువ్వుకు వీలైనంత దగ్గరికి జరగాలి. వెనకున్నది ఎంత దూరమైతే అంత మెత్తగా కరిగిపోతుంది.

జూన్‌లో మంచు కరిగిన అంచున పసుప్పచ్చ లిల్లీలు పూశాయని కొండమీది మైదానానికి వెళ్లాం. ఆర్డిస్ బోర్లా పడుకుని కెమెరా కంటికి ఆనించుకుంది. నేను పువ్వు పక్కన మోకాళ్లమీద కూర్చుని, వాలుకు వీపు పెట్టి, రేకులమీదికి వెలుగు మళ్లేలా తెల్ల అట్ట పట్టుకున్నాను. పక్కన వాగు హోరు.

"వచ్చింది, వెనకంతా వెన్నలా ఉంది," అంది. ఇంకొకటి తీసింది. "ఇందాక ఆకుపచ్చగా ఉండింది, ఇప్పుడు గోధుమరంగు. భలే కుదిరింది. నువ్వేమైనా కదిలావా?"

"లేదే."

"మరి ఈ రంగెక్కడిది?"

వెనకున్నది తేటగా పడాలని చక్రం తిప్పి కన్నం చిన్నది చేసింది. ఒక ఫొటో తీసి, కెమెరా తెరమీద పెద్దది చేసి చూసింది. ఆమె పెదాల్లో రంగు పోయింది.

"లెనోర్." బస్సులో అల్లరి మితిమీరినప్పటి గొంతు అది, ఎప్పుడూ హెచ్చదు. "లేవకు. వెనక్కి తిరగకు. గ్రిజ్లీ. దుంపలు తవ్వుకుంటోంది."

ఆ లిల్లీల దుంపలంటే గ్రిజ్లీ ఎలుగుబంట్లకు ప్రాణమని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. దానిమీద కొట్టే కారం స్ప్రే నా నడుముకే ఉంది. తడిమాను గానీ, వేళ్లకు దాని క్లిప్పు ఎటు లాగాలో తోచలేదు.

"ఎంత దూరం?"

"మాట్లాడకు. నా ముఖం చూస్తూ రా."

ఆమె పాకుతూ వెనక్కి జరిగింది, నేను మోకాళ్లమీద ఆమె వైపు జరిగాను. నా వీపు నాది కానట్టుంది. ఆమె కళ్లు నా భుజం మీదుగా ఎటు కదిలితే అదీ అటే కదిలిందనుకున్నాను. ఒకసారి ఆ కళ్లు పైకి లేచి ఆగిపోయాయి.

"నిలబడింది," అన్నాయి పెదాలు. గొంతు రాలేదు.

మా వాసన దానికి అందుతోందేమోనని, గాలి ఎటునుంచి వీస్తోందో తెలుసుకుందామనుకున్నాను. చెంపలు మొద్దుబారిపోయి తెలియలేదు. ఎంతసేపటికో ఆమె చూపు మెల్లగా కిందికి దిగింది. "రా," అంది.

చెట్ల మరుగుకు వచ్చాక కూడా నేను తిరిగి చూడలేదు.

"దాంతో దాని పిల్ల కూడా ఉంది," అంది ట్రక్కు ఎక్కాక. "ముందే చెప్తే పరిగెత్తేదానివి."

"పరిగెత్తేదాన్నే."

తాళంచెవి తిప్పింది. బండి కదిలించబోతూ ఆగి, అద్దం సరిచేసుకుని, ఖాళీ వెనక సీటు వైపు చూస్తూ ఉండిపోయింది.

"కూర్చున్నావా?" అంది అద్దంలోకి.

"నీ పక్కనే ఉన్నాను, ఆర్డిస్."

"ఊఁ," అంది. కళ్లు మాత్రం అద్దంలోంచి తిప్పలేదు.