అల్మారాల మోగిన ఆటల డబ్బా

దయ్యాల ముచ్చట్లు నా దగ్గర పెట్టొద్దని మా హౌస్‌కీపింగ్ ఆడోళ్లకు ముందే చెప్తుంటి. నానక్‌రామ్‌గూడల అద్దాల బిల్డింగుల ఏండ్లకేండ్లు బాత్రూములు కడిగిన. పై అంతస్తు బాత్రూంల ఎవరో ఏడుస్తరని మావోళ్లు ఒంటరిగ పోయెటోళ్లు కాదు. నేను పోయిన. ఏడుపు నిజమే. మేనేజరుతోని మాటపడి వచ్చి కూసున్న పిల్ల. మొఖం కడుక్కొమ్మని చెప్పి, ఫినాయిలు పోసి తుడిచి వచ్చిన. దయ్యాల మీద నా నమ్మకం గంతే.

ఇది రాస్తున్నది నేనే. నాకు అక్షరాలు యాభై దాటినంక వచ్చినయి, చర్చిల ఆడోళ్ల క్లాసు పెడితే నేర్చుకున్న. అందంగ తిప్పి రాసుడు రాదు. జరిగింది జరిగినట్టు రాస్త.

మేముండేది ప్రగతి నగర్ల కిరాయి ఇంట్ల. ముందర్ర, నడిమర్ర, వెనుక వంటిల్లు. మా ఆయన దేవయ్య షేర్ ఆటో నడిపెటోడు. "గచ్చిబౌలి, గచ్చిబౌలి" అని కేకేస్తే రోడ్డు అవతలోళ్లు గూడ తిరిగి చూసెటోళ్లు. గసొంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కుడి పక్కంత పడిపోయింది, మాట పోయింది. ఇప్పుడు నడిమర్రల మంచం మీద ఉంటడు. పక్కకు జారినా పిలవలేడు. గొంతుల ఏదన్న అడ్డం పడ్డా పిలవలేడు. గోడవతల నేను ఉల్లిగడ్డ కోసుకుంట ఉంటే ఇవతల ఆయన పానం పోవచ్చు. నా భయమంత గదే.

గందుకే నేను ఒళ్లు తెలవకుంట పండుకొని చాన ఏండ్లయింది. కూసున్నకాడ కునుకు తీసుడు, ఉలిక్కిపడి లేచుడు, పోయి చూసుడు. నాకు షుగర్ గూడ ఉంది. మీరు గూడ రెస్టు తీసుకోవాలమ్మా అని దవాఖానల అంటరు. ఎప్పుడు తీసుకోవాల్నో చెప్పరు.

మా బిడ్డ రూతు సాఫ్ట్‌వేర్ కంపెనీల చేసేది. మనుషులను తగ్గిస్తున్నమని తీసేసిన్రు, ల్యాప్‌టాప్ గూడ వాపస్ తీసుకున్నరు. ఇంకో పని దొరకాలంటే కంప్యూటర్ కావాలె. మాదాపూర్ హాస్టల్ల ఉండే ఒక పిలగాని దగ్గర సెకండ్ హ్యాండ్‌ల ఏదో కొనుక్కొచ్చింది. చూస్తే చేతుల పట్టుకొని ఆడుకునే ఆటల డబ్బా. నడుమ తెర, అటిటు గుండీలు, బొటనవేళ్లతోని తిప్పే రెండు పుల్లలు.

"పని పోయినోళ్లు ఆటలాడుకుంట కూసుంటరా బిడ్డా?"

"పైకి ఆటలే గని లోపల కంప్యూటరేనమ్మా. జర ఆగి చూడు."

దాన్ని నా కుట్టుమిషన్ చెక్క మీద నిలబెట్టింది. వెనుక వైరు గుచ్చి మానిటర్‌కు తగిలించింది, కీబోర్డు, మౌసు పెట్టింది. ఆట బొమ్మలు పోయి ఆఫీసుల ఉండేసొంటి తెర వచ్చింది. ఇగ అప్పటిసంది ఇంట్ల అన్ని పనులు దానిమీదనే. ఆమె ఇంటర్వ్యూలు, కరెంటు బిల్లు, ఆదివారం నేను చర్చికి పోలేకపోతే ఆరాధన చూసుడు. తెలుగు అక్షరాలు పెట్టిచ్చి నాకు గూడ కొట్టుడు నేర్పింది. ఆటలు మాత్రం ఎవ్వలం ఆడలే.

ఒకనాడు మధ్యాహ్నం రూతు చెవులకు హెడ్‌సెట్ పెట్టుకొని ఇంటర్వ్యూల ఉంది. నేను వంటింట్ల గోడకు ఒరిగి కునుకు తీస్తున్న. గుర్రుమని చప్పుడు. బోరు మోటర్ అనుకున్న. కాదు, ముందర్రకెల్లి వస్తుంది. ఏందో చూద్దామని లేచి నడిమర్ర దాటుతుంటే ఆయన కనవడ్డడు. దిండు మీదికెల్లి జారి, మొఖం పరుపుకూ గోడకూ నడుమ ఇరుక్కొని ఉంది. గుంజి కూసోబెట్టిన. ఊపిరి తీసుకున్నడు. అప్పటికి చప్పుడు ఆగింది.

రూతును అడిగితే, ఇంటర్వ్యూ ధ్యాసల నాకేం తెల్వలే, ఏం చప్పుడు అన్నది. నేను గూడ అంతటితోని మరిచిపోయిన.

మళ్లొకసారి జావ తాపి, గిన్నె కడగనీకి పోయిన. మళ్ల అదే చప్పుడు. ఈసారి ముందర్రల ఎవ్వలు లేరు. కుట్టుమిషన్ మీద ఆ డబ్బా వణుకుతుంది, దాంతోని చెక్క వణుకుతుంది. ఎందుకో నాకు మొదలు ఆయన మతికొచ్చిండు. ఉరికిన. జావ గొంతుల పడి కండ్లు తేలేస్తున్నడు. వీపు చరిచి కక్కించిన.

తర్వాత చానసార్లు గిట్లనే అయింది. అన్నిసార్లు పానం మీదికి వచ్చిందే కాదు. కొన్నిసార్లు పక్క తడిసేది, కొన్నిసార్లు కాలు వంకరవోయి నొప్పికి కండ్ల నీళ్లు కార్చెటోడు. గని ఊరికే ఒక్కసారి గూడ వణకలే.

రూతు నవ్వింది. "ఆట ఆడుతుంటే దెబ్బ తాకినప్పుడు చేతుల వణకాలని లోపల చిన్న మోటర్ పెడ్తరమ్మా. ఇప్పుడు ఆటే లేదు గద." ఒకనాడు ఆమె టైపు చేస్తుంటేనే అది వణికి పక్కన చాయ్ కప్పు గలగలమన్నది. లోపలికి పోయి నాయిన సగం మంచం కిందికి వేలాడుడు చూసింది. ఇగ మల్ల నవ్వలే.

రిపేరు షాపుకు తీస్కపోయింది. షాపతను విప్పి చూసి, మోటర్ బాగనే ఉంది, అదంతటదే తిరగనీకె దారే లేదు అన్నడు. ఇంటికి తెచ్చి రూతు ఆ వణుకుడు బందువెట్టేసింది. బందువెట్టినంక గూడ వణికింది.

పాస్టరమ్మకు చెప్తే ప్రార్థన చేద్దామని వచ్చింది. అందరం కండ్లు మూసుకొని ఉంటే నడుమ గుర్రుమన్నది. ఆయన పక్క తడుపుకున్నడు. బట్టలు మార్చి వచ్చి ఆమెన్ అన్నం.

ఆఖరికి రూతు అమ్మిన పిలగానికి ఫోన్ చేసింది. ఆంధ్ర దిక్కు పిలగాడు, మర్యాదస్తుడు. "అది మా అమ్మగారి దగ్గర ఉండేదండి," అన్నడు. "ఆవిడ ఆఖర్లో మంచం మీదే ఉన్నారు, మాట పడిపోయింది. బొటనవేలు ఒక్కటే ఆడేది. నొక్కితే గట్టిగా వణికేలా పెట్టి, చెక్కబల్ల మీద ఉంచాను. ఆవిడ నన్ను పిలవడానికి అంతే ఉండేదండి." మళ్ల తనే, "కానీ అమ్మే ముందు అంతా చెరిపేశానండి," అన్నడు. రూతు ఫోన్ పెట్టేసింది.

నిజం చెప్తున్న, నేను భయపడలే. నాకు నిద్ర వచ్చింది. ఆ డబ్బా ఉందిలే అని మధ్యాహ్నం చాప ఏసుకొని కాళ్లు బారజాపి పండుకున్న. ఎన్నేండ్లకు పండుకున్న.

రూతుకు కొత్త పని దొరికింది, ఇంట్లకెల్లే చేసుకునేది. కంపెనీ ల్యాప్‌టాప్ పంపింది. ఇగ ఇంట్ల రెండెందుకు అమ్మేద్దాం అన్నది. వద్దన్న.

"అమ్మా, దాన్ని నమ్ముకొని నువ్వు నాయినను చూసుడు తగ్గించినవు. ఒకనాడు అది వణకకపోతే?"

ఆమె చెప్పింది నాయమే. కొనేటోళ్లు దొరికేదాంక అని, వైర్లు పీకి బట్టల చుట్టి అల్మారాల పెట్టింది. నేను మళ్ల పాత లెక్కనే గోడకు ఒరిగి కునుకులు. చార్జింగు ఎవ్వలం పెట్టలే.

చాన రోజులైనంక, పొద్దుగాల ఆయనకు విరేచనాలు. కడుగుడు, బట్టలు మార్చుడు, దుప్పట్లు పిండుడు. షుగర్ గోలీ ఏసుకున్న గని తినుడు మరిచిన. దుప్పటి ఆరేస్తుంటే అల్మారా గలగలమన్నది. ఇనుప అల్మారా, లోపల గిన్నెలు సుత కొట్టుకుంటున్నయి.

ఆయన దగ్గరకు ఉరికిన. ఆయన మంచిగనే ఉన్నడు. దిండు మీద సక్కగ ఆనుకొని ఉన్నడు, ఊపిరి సాఫ్‌గ ఉంది, పక్క పొడిగ ఉంది. గిన్నెలు మాత్రం ఆగుతలేవు. ఏమైంది నీకు అని అడిగిన. ఆయన ఎడమ చెయ్యి లేపి నా దిక్కు చూపిచ్చిండు. అప్పుడు చూసుకున్న, నా చేతులు వణుకుతున్నయి, జాకెట్టంత చెమట. అంతే మతికి.

కండ్లు తెరిస్తే నా నోట్ల చక్కెర నీళ్లు, షుగర్ పడిపోయిందని రూతు పోస్తుంది. రూతు ముందర్రల తలుపేసుకొని మీటింగుల ఉండె. నేను పడిన చప్పుడు ఆమెకు వినరాలే. అల్మారా చప్పుడు ఆగకపోతే ఏందని లేచి వచ్చిందట.

సాయంత్రం ఆ డబ్బా తీసి గుండీ నొక్కినం. తెర రాలే. చార్జరు పెడితే జరసేపటికి ఖాళీ బ్యాటరీ గుర్తు వచ్చింది. మోగకముందే ఖాళీ అయిందో, మోగి మోగి ఖాళీ అయిందో తెలుసుకునే ఉపాయం లేదని రూతు అన్నది. అమ్ముడు మాట మళ్ల ఎత్తలే. తనే పోయి కుట్టుమిషన్ మీద నిలబెట్టింది.

ఇప్పుడు గూడ దాని మీదనే రాస్తున్న. దయ్యాలను నేను అప్పుడు నమ్మలే, ఇప్పుడు గూడ నమ్ముత అని చెప్పను. షాపతన్ని అడిగిన, పాస్టరమ్మను అడిగిన, రూతు ఆఫీసుల చదువుకున్నోళ్లను అడిగింది. ఎవ్వలు చెప్పలేకపోయిన్రు.

ఆయన కోసం మోగిందంటే ఏదో ఒకటి అనుకోవచ్చు. మంచాన పడ్డ ఆమెకు మంచాన పడ్డాయన కష్టం తెలిసిందనుకోవచ్చు. గని ఆనాడు ఆయన బాగనే ఉండె, మోగింది నా కోసం. పడిపోయేది నేనని నాకే ఎరుక లేదు. ఇన్నేండ్లల్ల నేను ఎవ్వల్నీ పిలవలే.