మందు కడిగేసిన డిష్

ఆవిడ చెయ్యి మంచిదని ల్యాబ్‌లో అందరూ అనేవారు. ఎండుపుల్ల నాటినా చిగురిస్తుందట. కాకపోతే ఆవిడ పెంచేది మొక్కల్ని కాదు, క్యాన్సర్ కణాల్ని. డిష్ అనే చిన్న మూతపళ్ళెంలో, ఎర్రటి ద్రవంలో వాటికి మేత వేయడం, వెచ్చటి పెట్టెలో దాచడం, పొద్దున్నే మైక్రోస్కోపులో పలకరించడం ఆవిడ ఉద్యోగం. ఏ డిష్‌లోనైనా కణాలు చచ్చిపోతే ఆ పూట ముద్ద దిగేది కాదు. పాముకి పాలు పోసే కొలువు నీకే దొరికిందే అని అక్క వేళాకోళమాడేది.

ఆ అక్కకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక, క్యాన్సర్‌ని పెంచే హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర రోజూ వేసుకోమన్నారు. దాంతో ఒళ్ళంతా ఆవిర్లు, కీళ్ళనొప్పులు. ఒకరోజు మెట్లు దిగలేక మధ్యలో కూలబడి ఏడ్చింది. చెల్లెలి ప్రాణం ఉసూరుమంది. మందుకి వాడిపోయిన కణాలకు ఆ మందు కడిగేసి, కొన్నాళ్ళు తెరిపి ఇవ్వడం ల్యాబ్‌లో అలవాటు. ఆ అలవాటే నోటికొచ్చింది.

"కొన్నాళ్ళు మాత్ర ఆపు అక్కా. ఒళ్ళు తేరుకున్నాక మళ్ళీ వేసుకుందువుగాని. డాక్టరుగారికి నేను చెప్తాలే."

చెప్పలేదు. అక్క చకచకా మెట్లెక్కుతుంటే చూసి మురిసిపోతూ, రేపు మాపు అంటూ నెలలు నెట్టుకొచ్చింది.

ఒక ఉదయం పెద్ద సైంటిస్టు ఆవిడను పిలిచి, మందు కడిగేసి హార్మోన్ వేసిన డిష్ చూడమన్నాడు. అక్కకు వచ్చిన రకం కణాలే, కడిగేసిందీ అక్క మాత్రలోని మందే. కణం చుట్టూ కొవ్వుతో చేసిన పల్చటి పొర ఉంటుందని, హార్మోన్ తగిలాక ఆ కొవ్వుల పాళ్ళు మారి పొర వదులవుతోందని, పెరగమనే కబురు లోపలికి ఇట్టే చేరుతోందని హుషారుగా చెప్పాడు. నిన్నమొన్నటిదాకా ముడుచుకుపోయి ఉన్న కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచుదాకా నిండిపోయాయి. అంతా ఆవిడ చేతి చలవేనన్నాడు.

ఆవిడ పరుగున ఇంటికొచ్చేసరికి అక్క అద్దం ముందు జడ వేసుకుంటోంది. మాత్ర తీసి చేతిలో పెడితే నవ్వింది.

"ఇప్పుడెందుకే? నీ మాట విన్నాకే కదా ప్రాణం హాయిగా ఉంది. ఇక్కడ మాత్రం ఏదో గట్టిగా తగుల్తోంది, చూడు."

చెల్లెలి చెయ్యి పట్టుకుని చంక కింద పెట్టుకుంది. వేళ్ళకు బఠాణీగింజంత గడ్డ తగిలింది. ఏమీ లేదని చెల్లెలు అంటుందని అక్క నవ్వుతూ ఎదురుచూస్తోంది.