నేను చెప్పానని పెట్టుకున్న ఎక్స్‌టెన్షన్

తెలుగులో అక్షరదోషాలు దిద్దుతుందని మన పూర్వ విద్యార్థుల గ్రూపులో నేను గట్టిగా సిఫార్సు చేసిన బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ గుర్తున్నది కదా? మనం టైపు చేసే ప్రతి అక్షరాన్నీ అది ఎవరికో చేరవేస్తున్నదట. ఈ సాయంత్రం కార్ఖానాలోని తన ఆఫీసు నుండి నా పాత విద్యార్థిని శైలజ ఫోన్ చేసి చెప్పింది. ఆఫీసు కంప్యూటర్‌లో అది బయటపడిందని ఆమెను రేపు రాతపూర్వకంగా సంజాయిషీ అడుగుతున్నారు.

"పెట్టుకునేటప్పుడు ఏ అనుమతులు అడిగిందో చదవలేదా అమ్మా?" అన్నాను.

"మీరు చెప్పిండ్రు గద సార్, ఇంక చదివేదేముంది? మీరు చదివిండ్రా?"

చదవలేదు. అన్ని వెబ్‌సైట్లలోని నా సమాచారాన్ని చదువుతానని అది స్పష్టంగానే చెప్పింది. ప్రశ్నను రెండుసార్లు చదవండని జీవితమంతా పిల్లలకు చెప్పిన నేను, ఒక్కసారైనా చదవకుండా 'అనుమతించు' నొక్కాను.

"నా పేరు రాయి తల్లీ, నేనే పెట్టుకోమన్నానని" అన్నాను.

"మా సార్ చెప్పిండని రాస్తే నవ్వుతరు సార్. నాదే తప్పని రాస్త. మీరు పరేషాన్ గాకుండ్రి."

ఫోన్ పెట్టేయగానే ఇది రాస్తున్నాను.

నా మాట మీద దాన్ని పెట్టుకున్నవారందరూ వెంటనే తొలగించి, పాస్‌వర్డులు మార్చుకోండి. మీరందరూ ఇప్పటికీ నా మాట వింటారని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. వినకుండా ఊరుకున్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి కింద ఒక మాట రాయండి. ఈ రోజు నాకు అదే ఊరట.