పాప కోసం రాసిన ఫిర్యాదులో పార్టీ గొడవ

మా పెదనాన్న ఉద్దేశంలో ఇంటర్‌పోల్ అనే అంతర్జాతీయ పోలీసులంటే జీపేసుకుని పరాయి దేశం వెళ్ళి మనిషిని ఎత్తుకొచ్చేవాళ్ళు. మిర్చి కమీషన్ వ్యాపారంలో అరిచి పని చేయించుకోవడం అలవాటైన ఆయనకి, అరుపుకి లొంగని చట్టం ఒకటి ఉంటుందని తోచదు.

విడాకుల కేసులో కోర్టు పాపను తల్లి దగ్గరే, అంటే మా అక్క దగ్గరే ఉంచమంది. చూసి వెళ్తానని వచ్చిన బావ, పాపను తీసుకుని, వాళ్ళు ఇదివరకు కాపురమున్న మలేషియాకి వెళ్ళిపోయాడు. అక్కకి కావలసింది పాప ఒక్కతే.

ఇంటర్‌పోల్ దాకా పంపాలన్న ఫిర్యాదు మా కల్లంలో, ఎండుమిర్చి ఘాటుకి దగ్గుతూ, ఊరి పెద్దలు రాయించారు. మా వైపు ఫిర్యాదు రాసేటప్పుడు పనిలో పనిగా గిట్టనివాళ్ళందరి పేర్లూ ఎక్కిస్తారు. దాన్ని కేసుకి బలం అంటారు. బావ వాళ్ళ నాన్నది అవతలి పార్టీ. ఇంకేం, పాపను ఎత్తుకెళ్ళడం ఆ పార్టీ కుట్ర అయిపోయింది. పంచాయతీ ఎన్నికలప్పుడు చింపిన ఫ్లెక్సీ కూడా అందులో చేరింది.

"పార్టీ సంగతి తీసేయండి పెదనాన్నా. రాజకీయాలుంటే ఇంటర్‌పోల్ వాళ్ళు ముట్టుకోరు," అన్నాను. ఊరి లైబ్రరీలో వాళ్ళ నిబంధనలు చదివే అన్నాను.

"ఎవరు చెప్పారు, మీ లైబ్రరీ ఆయనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

నెలలు గడిచాక ఢిల్లీ నుంచి ఫైలు తిరిగొచ్చింది. పెదనాన్నతో అక్కా నేనూ జిల్లా పోలీసు ఆఫీసుకి వెళ్తే, ఇన్‌స్పెక్టరు ఒకావిడ అక్కకి చెప్పింది.

"మేం అక్కడికెళ్ళి పట్టుకోలేమమ్మా. రెడ్ నోటీసు వచ్చినా అది వారెంటు కాదు, ఫలానా మనిషి మాకు కావాలని అడగడమే. పట్టుకోవాలో వద్దో వాళ్ళ చట్టం చూసుకుంటుంది. పాపని వెతకడానికైతే ఎల్లో నోటీసు ఉంది. దొరికాక పంపాలో లేదో తేల్చేది అక్కడి కోర్టే. మీ కోర్టు ఆర్డరు చూపించి పాప కోసమే అడగాల్సింది. ఈ ఫ్లెక్సీ గొడవంతా ఎవరు రాయమన్నారు? రాజకీయమని తిప్పి పంపారు."

పెదనాన్న గోడ మీది క్యాలెండరు చూశాడు. "మనవాడొకడు ఢిల్లీలో ఉన్నాడండి, ఫోన్ చేయిస్తాను," అన్నాడు.

"ఆయన మలేషియాలో జడ్జి అయితే చేయించండి," అంది ఆవిడ.

బయటికొచ్చాక అక్క ఆయన కారెక్కలేదు. మెట్ల మీద కూర్చుని నా చేతికి పెన్నిచ్చింది. "పాప సంగతి ఒక్కటే రాయవే," అంది. అర పేజీ అయింది. పెదనాన్న హారన్ కొట్టీ కొట్టీ దిగొచ్చి, ఆ కాగితం చదివాడు.

"ఇదేం ఫిర్యాదమ్మా, బలమే లేదు," అన్నాడు.

అక్క దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని సంతకం పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళింది.