కాటాల మేస్త్రి చీమల పుస్తకాలు

మా పక్కింటాయన కాటాలు బాగుచేసేవాడు. కిరాణా కొట్లు, ధాన్యం గోదాములు, పార్సిల్ ఆఫీసు, ఎక్కడ తూకం తేడా వచ్చినా ఆయనకే కబురు వెళ్లేది. భుజాన ఒక సంచి, అందులో స్క్రూడ్రైవర్లు, ఒక బ్రష్షు, గుడ్డలో చుట్టిన ఇత్తడి తూకపు రాళ్లు. మనిషి నెమ్మది. మాట కూడా తూచే మాట్లాడేవాడు. బజారులో మాత్రం ఆయన్ని కాటాల మేస్త్రి అంటే సగం మందికి తెలియదు. చీమల మేస్త్రి అంటే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపించేవాళ్లు.

ఆయనకు నలభై ఏళ్లప్పుడు మొదలైందా పిచ్చి. చక్కెర గోదాములో ఒక ఎలక్ట్రానిక్ కాటా సున్నా దగ్గర నిలవడం మానేసింది. పళ్లెం మీద ఏమీ లేకపోయినా కాసేపు నలభై గ్రాములు, కాసేపు డెబ్భై గ్రాములు చూపిస్తోంది. మేస్త్రి కింది రేకు విప్పి చూస్తే లోపల చీమలు కాపురం పెట్టేశాయి.

"మందు కొట్టి పారేయ్ మేస్త్రీ, నాకు లారీ ఎదురుచూస్తోంది" అన్నాడు గోదాము గుమాస్తా.

మేస్త్రి మందు కొట్టలేదు. బ్రష్షుతో మెల్లగా ఊడ్చి ఒక అట్టముక్క మీదికి తీసి, వెనక గోడవారన వదిలి, అక్కడే గొంతుక్కూర్చున్నాడు. లారీ సంగతి మరిచిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పాడు: "ఒక్కటంటే ఒక్కటి ఊరికే పరిగెత్తలేదమ్మా. ప్రతిదీ ఏదో ఒక గుడ్డు నోట కరుచుకునే పోయింది. మనిల్లు కూలితే మనం అలా చేస్తామా అని..." అని ఆగిపోయి, "గుమాస్తా మాత్రం నన్ను నానా తిట్లూ తిట్టాడు" అని నవ్వాడు.

ఆ వారంలోనే పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే ముసలాయన దగ్గర ఆగి, చీమల మీద ఏమైనా ఉందా అని అడిగాడు. ముసలాయన ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో ఆ మాట అడిగినవాడు లేడట. వెతికి వెతికి అట్ట ఊడిపోయిన పిల్లల పుస్తకం ఒకటి తీసిచ్చాడు. అది మొదటిది. ఆ తర్వాత ముసలాయన కూడా పట్టుదలకు పోయాడు. మూటలు విప్పినప్పుడల్లా ముందు చీమల కోసం చూసి పక్కన పెట్టేవాడు. కాలేజీ లైబ్రరీలు తీసిపారేసినవి, రంగుల బొమ్మలవి, ఎవరో పరీక్షకు చదివి గీతలు గీసినవి, మేస్త్రికి ఒక్క ముక్క అర్థం కాని భాషలవి కూడా వచ్చిపడ్డాయి. పదిహేనేళ్లలో నూటపన్నెండు అయ్యాయి. లోపలి గదిలో వెనక గోడకు ఆనించిన చెక్క బీరువా, అడుగు అర నుంచి పై అర దాకా, అంతా చీమలే.

వాటికి ఆయన పెట్టుకున్న నియమాలు చూడాలి. పుస్తకం మొత్తం చీమల మీదే ఉండాలి. పురుగులన్నిటి మధ్యా చీమలకొక అధ్యాయం ఉంటే కుదరదు. రెండు భాగాల పుస్తకంలో ఒక్క భాగమే దొరికితే కొనకూడదు. ప్రతిదానికీ బ్రౌన్ పేపరు అట్ట, అట్ట మీద నంబరు.

ఆయన భార్యను నేను అక్కా అనేదాన్ని. బడి యూనిఫారాలు కుట్టేది. ఆవిడ కుట్టుమిషను ఆ బీరువా పక్కనే. "లోకంలో అందరూ ఇంట్లోంచి చీమల్ని తోలడానికి చస్తుంటే, ఈయన కొనుక్కొస్తున్నాడమ్మా" అని నాతో చెప్పి నెత్తి కొట్టుకునేది. కొత్త పుస్తకం వస్తే, "ఇది కుట్టేదా, కుట్టనిదా?" అని అడిగేది. మేస్త్రి నవ్వేవాడే గాని జవాబు చెప్పేవాడు కాదు. వాళ్లిద్దరి మధ్యా చీమల గురించి అంతకు మించి మాట నడవడం నేనెప్పుడూ వినలేదు.

కూతురికి కాన్పు కష్టమైతే ఇద్దరూ వెళ్లి రెండు నెలలు ఆ పిల్ల దగ్గరే ఉండిపోయారు. తాళాలు నాకిచ్చారు. వారానికోసారి వీధి గది ఊడ్పించాను. లోపలి గది తలుపు తీయలేదు. తీసి ఉండాల్సింది. ఆ రెండు నెలలూ వానలు ఆగలేదు, వెనక గోడ నాని ఉంది.

వాళ్లు వచ్చిన రోజు మధ్యాహ్నం నేనూ అక్కడే ఉన్నాను. సామాను మోయడానికి అక్క తమ్ముడు కూడా వచ్చాడు. మేస్త్రి బీరువా తలుపు తీసి, కింది అరలోంచి ఒక పుస్తకం అందుకున్నాడు. చేతికి అట్ట వచ్చింది. పుస్తకం రాలేదు. లోపల మట్టి, పొడి, పాకుతున్న తెల్లటి పురుగులు. కింది రెండు అరలూ చెదలు తినేశాయి. మేస్త్రి ఆ అట్టను అటూ ఇటూ తిప్పి, నంబరు చదువుకుని, నేల మీద కూర్చుండిపోయాడు.

అక్క తమ్ముడు మంచివాడే, కానీ నోటికి కళ్లెం లేదు.

"ఏంటి బావా, చీమల పుస్తకాల్ని చీమలే తినేశాయా?" అన్నాడు.

"చెదలు చీమలేంట్రా!" అక్క గయ్యిమంది. "వాటికీ వీటికీ అసలు పడదు. దొరికితే చీమలే వీటిని పీక్కు తింటాయి. చెదపురుగు బొద్దింకల వంశం. తెలియకపోతే నోరు మూసుకుని ఆ చీపురందుకో."

మేస్త్రి తలెత్తి భార్యను చూశాడు.

"నీకెవరు చెప్పారే?"

"ఎవరు చెప్పాలి? అరవైమూడో నంబరులో ఉంది. పోయిందా, అదీ పోయిందా?" అంటూ ఆవిడ ఆ పొడిలోకి చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "పొద్దున పనికెళ్తే మళ్లీ సాయంత్రానికే కదా మీరొచ్చేది. ఇంట్లో నేనూ ఇవీ తప్ప ఎవరున్నారు? మిషను దారం తెగినప్పుడల్లా ఓ పేజీ, కరెంటు పోయినప్పుడల్లా ఓ పది పేజీలు."

"నాతో ఒక్కసారీ అనలేదు!"

"మీరు అడిగారా ఏంటి?"

నలభైఏడు పుస్తకాలు పోయాయి. ఆ సాయంత్రం మిగిలినవాటిని మా వరండాలో పరిచాం. మేస్త్రి పోయిన నంబర్లన్నీ కాగితం మీద రాసుకొచ్చి, ఒక్కొక్కటే మళ్లీ వెతుకుతానన్నాడు. అక్క ఆ కాగితం లాక్కుని, నా పెన్ను తీసుకుని కొట్టివేయడం మొదలుపెట్టింది.

"ఇది వద్దు. అరవైమూడులో ఉన్నదే ఇందులోనూ రాశాడు. ఇది ఒట్టి బొమ్మలు. ఇదేంటి, ఇది మీరు చదివారా?"

మేస్త్రి కాసేపు నసిగాడు. చదవలేదు. ఇంకొకటి అడిగింది. అదీ చదవలేదు. సగానికి పైగా ఆయన అట్టలు వేసి, నంబర్లు రాసి, తుడిచి పెట్టుకున్నాడే గాని తెరిచింది లేదు. తూకాల మనిషి, తూకం తప్పి దొరికిపోయినట్టు ముఖం పెట్టాడు. నాకు నవ్వాగలేదు. నాతోపాటు అక్కా నవ్వింది, ఆ తర్వాత ఆయనా నవ్వాడు. ఆ పూట అంతసేపు ఏడ్చిన మనిషి అలా నవ్వడం ఏమిటోనని తమ్ముడు బిత్తరపోయి చూశాడు.

ఇనుప బీరువా కొని గోడకు జానెడు దూరంలో పెట్టారు. తర్వాతి ఆదివారం అక్క మొదటిసారి ఆయనతో పాత పుస్తకాల దగ్గరికి వెళ్లింది. నన్నూ రమ్మంది. ముసలాయన సంగతంతా విని, స్టూలు అక్క వైపు జరిపాడు.

"పదిహేనేళ్లుగా నా బేరం మీతోనా అమ్మా!"

ఆ రోజు ఆయన దగ్గర ఒక పాత పుస్తకం ఉంది. ఎవరో ఉద్యోగి రిటైరయ్యాక తన పెరట్లోని ఒకే ఒక్క చీమలపుట్టను పన్నెండేళ్లు చూసి, తేదీల వారీగా రాసుకున్నది. కానీ రెండో భాగం మాత్రమే. మేస్త్రి అలవాటు ప్రకారం తిరిగి పెట్టేయబోయాడు.

"ఆగండి" అంది అక్క. మధ్యలో ఒక పేజీ తెరిచి, నడిరోడ్డు పక్కన స్టూలు మీదే చదవసాగింది. ఆ పేజీలో వాన పడుతోంది, పుట్టలో నీళ్లు దూరాయి. మేస్త్రి సంచి కింద పెట్టి, భార్య భుజం మీదుగా వంగి తానూ చదవడం మొదలుపెట్టాడు.

"మెల్లగా తిప్పు, నాకింకా అవలేదు" అన్నాడు.

మొదటి భాగం ఇప్పటికీ దొరకలేదు. ముసలాయన వెతుకుతూనే ఉన్నాడు. ఆ పెద్దమనిషి మొదట్లో ఏం చూసి ఉంటాడన్నదాని మీద మాత్రం మా పక్కింట్లో రోజూ వాదనే. గోడ ఇవతలికి వినిపిస్తూ ఉంటుంది.